నాలుగో లైను

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చచ్చిపోరు. యుద్ధం మాట వినగానే జెండా కప్పిన పెట్టె ఇంటి ముందు దిగుతుందేమోనని ఎదురుచూడటం మనకి అలవాటైపోయింది. అలాంటిదేమీ లేదు. మా అబ్బాయి ట్రెంట్ రెండోసారి కూడా ఇరాక్ నుంచి కాళ్ళూ చేతులతోనే తిరిగొచ్చాడు. ఇప్పుడు మోంటానాలో ఉంటున్నాడు. ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. అందులో అచ్చు వేసిన శుభాకాంక్షల కింద పేరు ఒక్కటి రాస్తాడు, ఇంకేమీ రాయడు.

నేను చెప్పబోయేది వాడు రెండోసారి వెళ్ళడానికి ముందు సంగతి. మా పశ్చిమ కాన్సస్‌లో జొన్న కోత ఆలస్యమైన ఏడు అది. సెప్టెంబరంతా పడని చోట్ల కూడా వాన పడింది. అక్టోబరు సగం దాటినా కంకుల్లో తేమ పోలేదు. అటు నవంబరు ఏడున ఎన్నికలు. కోత, ఎన్నికలు రెండూ ఒకేసారి మీద పడి మా జిల్లాలో ఎవరికీ ఊపిరి సలపలేదు.

మా అన్నయ్య వెండెల్‌కి అసలు సలపలేదు. ధాన్యం గోదాం పక్కన ఉన్న రెండు గదుల రేడియో స్టేషను ఆయనది. వారంలో ఐదు రోజులు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ‘వేకువ కావలి’ అనే కార్యక్రమం నడిపేవాడు. ముందు ప్రార్థన, తర్వాత ధాన్యం ధరలు, తర్వాత ఓ పావుగంట దేశం గురించీ దేవుడి గురించీ అన్నయ్య మాట, చివర ఫోన్లు. ఆ ఫోన్లు చూసేది నేను. మొత్తం నాలుగు లైన్లు. చేసినవాళ్ళని మూడు ప్రశ్నలు అడగాలి: పేరు, ఊరు, దేని గురించి. అది అట్ట మీద రాసి, మా మధ్య ఉన్న గాజు పలకకి ఆనించి చూపించాలి. అన్నయ్య తల ఊపితే బొత్తాం నొక్కి కలపాలి. అడ్డంగా తిప్పితే, లైన్లు ఖాళీ లేవండీ అని చెప్పాలి. పద్నాలుగేళ్ళు అదే పని చేశాను.

అన్నయ్య మాట వినితీరాల్సిందే. “వాషింగ్టన్‌లో కూర్చున్న పెద్దమనుషులకి గోధుమ మొక్కకీ గడ్డి మొక్కకీ తేడా తెలీదు. కానీ మన పిల్లలు బళ్ళో ప్రార్థన చెయ్యాలో వద్దో మాత్రం వాళ్ళకి బాగా తెలుసు,” అనేవాడు. కోత మిషన్లలో కూర్చున్న మగవాళ్ళు, వంటింట్లో గుడ్లు వేపుతున్న ఆడవాళ్ళు ఒకేసారి నవ్వేవారు. ఆయన చెప్పేవాటిలో నేను నమ్మనిది లేదు. ఇదెందుకు చెబుతున్నానంటే, నా కథ వినగానే కొందరు నన్ను అవతలి పక్షంలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. నాకు ఆ కాఫీ వద్దు. కడుపులో బిడ్డ బిడ్డేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా ఓటూ మారలేదు, నా చర్చీ మారలేదు.

మా ఆయన లీలాండ్ పోయేనాటికి ట్రెంట్‌కి పదహారేళ్ళు. తండ్రి చెయ్యాల్సిన పనులన్నీ మేనమామే చేశాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చదివించాడు, వేటకి తీసుకెళ్ళాడు, పద్దెనిమిదో ఏట సైనిక దళంలో చేరే రోజు వాడి పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆరేళ్ళ ఒప్పందం అది; నెలకో వారాంతం శిక్షణ, పిలిచినప్పుడు యుద్ధం, మిగతా రోజులు ఇంట్లో సేద్యం. ఆ డిసెంబరుతో అయిపోతుంది. వాళ్ళ దళానికి జనవరిలో మళ్ళీ ఇరాక్ వెళ్ళాలని ఉత్తర్వు వచ్చింది. ట్రెంట్ మళ్ళీ సంతకం పెడతాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు. వాణ్ణి అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అక్టోబరు మూడో వారంలో నేల ఆరింది. ఓ సోమవారం మధ్యాహ్నం వాడికి రొట్టె, మాంసం ముక్కలు పట్టుకుని చేలోకి వెళ్ళాను. కోత మిషను క్యాబిన్లో నడిపేవాడి పక్కన చిన్న సీటు ఉంటుంది. అందులో కూర్చున్నాను. వాడు ఒక చేత్తో తింటూ ఒక చేత్తో నడుపుతున్నాడు. ఎర్రటి కంకులు బారులు బారులుగా లోపలికి పోతున్నాయి.

“అమ్మా, శనివారం సభలో మామయ్య నన్నేం చెయ్యమన్నాడో తెలుసా?” అన్నాడు.

“తెలుసు. యూనిఫాం వేసుకుని జెండా ప్రమాణం చెప్పించాలి. గేలన్ రీస్ పక్కన నిలబడాలి. ఫొటోలో నవ్వు కాస్త. పోయినసారి పన్ను నొప్పి ఉన్నవాడిలా పెట్టావు మొహం.”

రీస్ అంటే మా జిల్లా నుంచి ప్రతినిధుల సభలో ఉన్నవాడు. మళ్ళీ నిలబడ్డాడు; శనివారం సభ ఆయన ప్రచారానికే. అన్నయ్య గొంతు లేకపోతే ఆయన మొదటిసారి కూడా గెలిచేవాడు కాదు.

వాడు నవ్వలేదు. “నేను మళ్ళీ సంతకం పెట్టనమ్మా,” అన్నాడు.

వాడు ముందుకి చూస్తూనే చెప్పుకుపోయాడు.

“నీనెవె గుర్తుందా, బైబిల్లో దేవుడు యోనాని పంపిన ఊరు? చిన్నప్పుడు ఆదివారం బళ్ళో యోనా బొమ్మకి నువ్వే రంగులు వేయించావు. అది ఇప్పటికీ ఉందమ్మా, మనుషులున్నారు అందులో. మేము కాపలా ఉన్న ఊరు ఇరాక్‌లో ఆ నీనెవె మైదానంలోదే. అందరూ మనలాగే నమ్మినవాళ్ళు. యేసు మాట్లాడిన భాషకి దగ్గర భాష ఇంట్లో మాట్లాడుకుంటారు. చర్చిలో దీపాలు వెలిగించే ముసలాయన, షమోన్ అని, రోజూ మాకు టీ తెచ్చేవాడు. మీరున్నారు గనక మాకు నిద్ర పడుతోంది అనేవాడు. మేం ఇక్కడే ఉంటాం తాతా అని చెప్పాను. నేనే చెప్పాను. ఆ వారంలోనే మమ్మల్ని ఇంకో చోటికి మార్చారు. నెల తిరక్కుండా చర్చి లేదు, ఆయనా లేడు. మిగిలినవాళ్ళు దొరికిన బండెక్కి సరిహద్దు దాటారు.”

“నాకెప్పుడూ చెప్పలేదేరా?”

“మామయ్యకి రాశాను. రెండు ఉత్తరాలు. రేడియోలో వాళ్ళ కోసం ఒక్క ప్రార్థన చెయ్యమని అడిగాను. ఇప్పుడు సమయం కాదు, మన పార్టీవాళ్ళకి నష్టం అన్నాడు. రోజూ పొద్దున్నే మైకు ముందు మోకరిల్లే మనిషికి సమయం ఎప్పుడొస్తుందమ్మా?” చేతిలో రొట్టె పక్కన పెట్టాడు. “నాకు చావంటే భయం లేదు. కానీ మళ్ళీ వెళ్ళి, ఇక్కడే ఉంటాం అని అబద్ధం చెప్పి, ఇంకో ముసలాయన చేతి టీ తాగలేను.”

వాడు చెప్పింది నిజమని నాకు ఆ క్షణమే తెలిసింది. అన్నయ్య మాట నమ్మినంత గట్టిగా నమ్మాను.

“నువ్వేమంటావు?” అని అడిగాడు.

“ఆ చివర నేల ఇంకా మెత్తగా ఉంది. జాగ్రత్తగా తిప్పు,” అన్నాను.

వాడు తిప్పాడు. కాసేపటికి, “శనివారం వస్తానన్నాను కాబట్టి వస్తాను. తర్వాత మామయ్యకి నేనే చెప్పుకుంటా. అప్పటిదాకా నీ నోట్లోంచి రాకూడదు,” అన్నాడు.

“నా నోటి సంగతి నీకు తెలీదా?”

“తెలుసు కాబట్టే చెబుతున్నా.”

ఇద్దరం నవ్వాం. వాడూ నేనూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

ఆ సోమవారం, మంగళవారం గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగిపోయేదాన్ని. నా బుర్రకి తోచింది ఒక్కటే దారి. మా చర్చి ఆడవాళ్ళలో ప్రార్థన గొలుసు ఉంది. ముప్ఫై ఒక్క పేర్లు వరుసగా రాసిన కాగితం ప్రతి ఇంట్లోనూ ఫోను పక్కన అతికించి ఉంటుంది. ఎవరికి కష్టమొచ్చినా మొదటి పేరుకి ఫోను చేస్తారు. ఆవిడ విని, రాసుకుని, ప్రార్థించి, రెండో పేరుకి చెబుతుంది. అలా చివరిదాకా వెళ్ళి, చివరి మనిషి మళ్ళీ మొదటి మనిషికి ఫోను చేసి విన్నది అప్పజెబుతుంది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తియ్యకూడదు. లీలాండ్‌కి జబ్బు చేసినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ గొలుసే.

మాట తప్పుతున్నానని నాకు అనిపించలేదు. మాలో ప్రార్థనకి చెప్పుకోవడం బయట చెప్పడం కిందికి రాదు. దేవుడికి చెప్పినట్టే లెక్క. మంగళవారం సాయంత్రం మొదటి పేరుకి ఫోను చేశాను. ఆ మొదటి పేరు మా వదిన ఓపల్, వెండెల్ భార్య.

“వదినా, ట్రెంట్ మనసు బాగాలేదు. మళ్ళీ వెళ్ళాలా వద్దా అని నలిగిపోతున్నాడు. దేవుడు దారి చూపించాలని ప్రార్థించండి. గొలుసు దాటి పోకూడదు ఇది.”

“అయ్యో నా తండ్రీ! నేను రాసుకున్నా, ఒక్క అక్షరం పోనివ్వను. నువ్వు పోయి పడుకో,” అంది.

వదిన అక్షరం పోనివ్వలేదు, నిజమే. పోయింది మిగతా ముప్ఫై చోట్ల. బుధవారం సాయంత్రం చివరావిడ తిరిగి ఫోను చేసి వదినకి అప్పజెప్పిన మాట ఇది: “ట్రెంట్ సైన్యం వదిలేస్తున్నాడు, ఈ యుద్ధమే తప్పంటున్నాడు, అతని కోసం ప్రార్థించండి.” నేను దాచిపెట్టినదాన్ని ఆ గొలుసు తిరిగి తిరిగి ఎలాగో కనిపెట్టేసింది. వదిన అది పైకి అనుకుంటూ రాసుకున్నప్పుడు అన్నయ్య పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడట.

గురువారం పొద్దున నేను స్టేషనుకి వెళ్ళేసరికి ఆయన రోజూ అడిగే కాఫీ అడగలేదు. ప్రార్థన అయింది, ధరలు అయ్యాయి. అప్పుడు మైకు దగ్గరికి లాక్కుని మెల్లగా మొదలుపెట్టాడు.

“రోజూ పరాయివాళ్ళ ఇళ్ళ గురించి మాట్లాడతాను. ఈ రోజు మా ఇంటి గురించి మాట్లాడాలి. గొంతు వణికితే క్షమించండి. సగం కోసిన చేలో మిషను ఆపేసి, నాకు మనసు బాగాలేదు అని ఇంటికెళ్ళిపోయే రైతుని మీరెవరైనా చూశారా? నేను ఈ వారం చూశాను. నా సొంత రక్తంలో చూశాను. పేరు చెప్పను. ఆ పిల్లవాణ్ణి నేను ఎత్తుకున్నాను. కానీ ప్రేమ ఉంది కదా అని నిజం దాస్తే, రోజూ మీ ముందు ఇలా కూర్చునే అర్హత నాకు లేదు. యుద్ధం మధ్యలో, ఎన్నికలు పన్నెండు రోజులుండగా, తోటివాళ్ళని వదిలేసి వెనక్కి తిరగడాన్ని అవతలివాళ్ళు ఆలోచన అంటారు. నేను దాన్ని దాని అసలు పేరుతో పిలుస్తాను.”

పిలిచాడు కూడా. పిరికితనం అన్న మాట నేను చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోంచి నేరుగా నా తలలోకి దిగింది. మా ఊళ్ళో ఉన్నదే పంతొమ్మిది వందల మంది. అన్నయ్యకి మేనల్లుళ్ళు ఎంతమందో, వాళ్ళలో సైన్యంలో ఉన్నది ఎవరో, చర్చి పిల్లిని అడిగినా చెబుతుంది.

నాలుగు లైన్లూ ఒకేసారి వెలిగాయి. చేతులు వాటంతటవి పనిచేసుకుపోయాయి. గ్లెన్నా అనే ఆవిడ, పక్క ఊరు, “ఇంత ధైర్యం ఎవరికుంటుందండీ, సొంతవాళ్ళనే అన్నారు ఆయన,” అంది. రాసి చూపించాను. అన్నయ్య తల ఊపాడు, కలిపాను. తర్వాత ఓ ముసలాయన, పక్క జిల్లా. “కుర్రాణ్ణి అని ఏం లాభం? పెంచినదాన్ని అనాలి. తల్లి గారాబం ఇదంతా. రాసుకున్నావా అమ్మా?” అన్నాడు.

“రాసుకున్నానండీ,” అన్నాను. గుండ్రటి అక్షరాలతో రాశాను కూడా. అన్నయ్య అట్ట చదివి ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు. నేను కలిపాను.

అప్పుడు నాలుగో లైను ఎత్తితే ముందు మిషను చప్పుడు వినిపించింది.

“వేకువ కావలి. మీ పేరు?”

“ట్రెంట్ కోల్టర్.”

నా చేతిలో కలం ఆగింది. “ఒరేయ్, నేన్రా,” అన్నాను గొంతు తగ్గించి.

“తెలుసండీ. తర్వాత ఊరు అడగాలి మీరు. మీ ఊరే. దేని గురించంటే, యుద్ధం గురించి. మొదటినుంచీ వింటున్నానండీ.”

కన్న కొడుకు నన్ను ‘అండీ’ అన్నాడు. ఏం చెయ్యాలో తెలియక రోజూ చేసేదే చేశాను. ‘ట్రెంట్, మన ఊరు, యుద్ధం’ అని రాసి గాజుకి ఆనించాను. అన్నయ్య చదివాడు. మొహం ఎర్రబడింది. తల అడ్డంగా తిప్పాడు. నేను అట్ట దించలేదు. ఇంకోసారి తిప్పి, కుర్చీ పక్కకి జరుపుకుని గోడవైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

“లైన్లో ఉండు,” అన్నాను వాడితో.

ఇరవై ఆరు నిమిషాలు ఉన్నాడు. ఆపిపెట్టిన లైన్లో కార్యక్రమం వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి వాడు అన్నీ విన్నాడు. వాణ్ణి దేశం దాటించమన్నవాణ్ణి, వాడి తండ్రి బతికుంటే సిగ్గుతో చచ్చేవాడన్నావిణ్ణి, అందరినీ విన్నాడు. వాళ్ళందరినీ కలిపింది నేనే. నాలుగో బొత్తాం నా చూపుడు వేలికి జానెడు దూరంలో వెలుగుతోంది. నొక్కితే చాలు. అన్నయ్య లేచి వచ్చి ఆపేలోపు వాడి గొంతు మూడు జిల్లాల్లో వినిపించేది. ఆ షమోన్ టీ సంగతి ఒక్కసారైనా గాల్లోకి వెళ్ళేది. పద్నాలుగేళ్ళలో అన్నయ్య తల ఊపకుండా నేను ఏ లైనూ కలపలేదు. ఆ రోజు కూడా కలపలేదు.

ముగింపు ప్రార్థన అయ్యాక లైను ఎత్తాను. మిషను ఇంకా నడుస్తూనే ఉంది.

“లైన్లు ఖాళీ అయ్యాయాండీ?” అన్నాడు.

“ట్రెంట్, నా మాట విను—”

“నేను ఒక్కరికే చెప్పానమ్మా,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం వాడి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. తర్వాత పెట్టేశాడు.

అన్నయ్య తలుపు తీసుకుని బయటికి రాగానే ఆయన మీద పడ్డాను. “గొలుసులో చెప్పుకున్నదాన్ని తీసుకొచ్చి మైకులో పోస్తావా? ఏం మనిషివి నువ్వు?”

“పేరు పెట్టానా? ఎక్కడైనా పేరు పెట్టానా నడీనూ?”

“ఇంకా పేరెందుకు? చెప్పుల సైజు ఒక్కటే చెప్పలేదు నువ్వు!”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నాటకం కాదు, నిజంగానే కళ్ళనిండా నీళ్ళున్నాయి. “వాడు శనివారం అందరి ముందూ ఏదో అనేస్తే? పేపర్లవాళ్ళు వస్తున్నారు. రీస్ నాలుగు శాతం వెనకున్నాడు. రీస్ ఓడిపోతే బళ్ళో ప్రార్థన బిల్లు పోయినట్టే, పుట్టని పిల్లల బిల్లు పోయినట్టే. నేను ఒక్కడి మనసు కోసం అవన్నీ వదిలెయ్యనా? చెప్పు.”

“వాడి మాట విననైనా వినలేదు నువ్వు.”

“ఎన్నికలవనీ, వింటా. కూర్చోబెట్టుకుని రోజంతా వింటా. నా కొడుకు కాడా వాడు?”

ఆ మాటకి నా కోపం సగం చచ్చిపోయింది. నన్ను చిన్నప్పటినుంచీ అలాగే గెలిచేవాడు ఆయన.

శనివారం పశువుల ప్రదర్శన జరిగే పెద్ద రేకుల షెడ్డులో సభ పెట్టారు. ట్రెంట్ రాడనుకున్నాను. వచ్చాడు. ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, కొత్తగా కత్తిరించిన జుట్టుతో వచ్చాడు. వాణ్ణి చూడగానే ఆరు వందల మంది గుసగుసలు ఒక్కసారి ఆగాయి. వేదిక ఎక్కి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తడబడకుండా ప్రమాణం చెప్పించాడు. తర్వాత మైకు వదలకుండా, “నేను దళంలో మళ్ళీ సంతకం పెట్టాను. నిన్న పెట్టాను. జనవరిలో వెళ్తున్నాను,” అన్నాడు. అంతే అన్నాడు.

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచారు జనం. రీస్ వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అన్నయ్య వాణ్ణి కౌగిలించుకుని ఏడ్చాడు. “దారితప్పిన గొర్రె తిరిగొచ్చింది,” అని వదిన నా భుజం నొక్కింది. నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ నన్ను ముద్దు పెట్టుకున్నారు. గొలుసు పనిచేసింది అన్నారు.

ఇంటికెళ్ళాక వాడు వరండాలో బూట్లు విప్పుకుంటుంటే అడిగాను. “ఎందుకురా పెట్టావు? నాతో ఏం చెప్పావు, ఏం చేశావు?”

“పెట్టకపోతే మామయ్య అన్నది నిజమైపోతుంది. ఈ ఊళ్ళో నేను ముసలాణ్ణయ్యేదాకా నిజంగానే ఉంటుంది. పెడితే అబద్ధమవుతుంది. అదొక్కటన్నా దక్కనియ్యమ్మా.”

“రీస్‌ని ఆ ఊరివాళ్ళ గురించి అడుగుతావనుకున్నాను.”

“ఎవరు వింటారు? మిషను ఆపేసి వచ్చినవాడి మాట కింద జమకడతారు. ఆ షమోన్ తాతని కూడా పిరికివాణ్ణి చేసేవాళ్ళు.” బూట్లు పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు మేమిద్దరం ఒకే ఇంట్లో ఉప్పు అందించమని, ట్రక్కు తాళాలెక్కడున్నాయని మాత్రం మాట్లాడుకున్నాం. నేను క్షమించమని అడిగితే, “సరేలే,” అనేవాడు. అలా అనేసి లేచి వెళ్ళిపోయేవాడు.

దేశమంతా మా పార్టీ ఓడిపోయింది. మా రీస్ మాత్రం గెలిచాడు. ట్రెంట్ సంతకమే గెలిపించిందని అన్నయ్య రేడియోలో చెప్పాడు, ఈసారి పేరు పెట్టి. జనవరి మొదటి వారంలో వాడి దళం టెక్సస్‌లో శిక్షణకి బయల్దేరింది. బస్సు దగ్గర అన్నయ్యతో చెయ్యి కలిపాడు. నన్ను కౌగిలించుకున్నాడు గానీ, నా వీపు మీద ఒక్కసారి తట్టి వదిలేశాడు. అత్తారింటివాళ్ళని అలా పట్టుకుంటారు.

వాడు వెళ్ళి మూడు వారాలు కాలేదు. ఓ మంగళవారం రీస్ టీవీలో కనబడ్డాడు. ఆ యుద్ధంలోకి మనం తొందరపడి వెళ్ళామేమో అన్నాడు. నిలబెట్టుకోలేని మాటలు అక్కడివాళ్ళకి ఇచ్చామన్నాడు. ఇంకా మన పిల్లల్ని పంపడం తనకి మనస్కరించడం లేదన్నాడు. నేను సోఫా అంచున కూర్చుని విన్నాను. ఇక బుధవారం పొద్దున అన్నయ్య చీల్చి చెండాడతాడనుకున్నాను.

“ఇలాంటి మాట చెప్పడానికి గుండె కావాలి,” అని మొదలుపెట్టాడు అన్నయ్య. “గుడ్డిగా వెళ్ళేవాడు కాదు, ఆగి ఆలోచించేవాడు నాయకుడు. మన రీస్ ఆలోచించాడు.”

నాలుగు లైన్లూ వెలిగాయి. గ్లెన్నా కూడా చేసింది. ఎంత నిజాయితీ అండీ ఆయనది అంది. పక్క జిల్లా ముసలాయన, మొదటినుంచీ నాకూ అదే అనిపిస్తోంది అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు అక్టోబరు మాట ఎత్తలేదు. దాచినట్టు కూడా లేదు. నిజంగానే మర్చిపోయారు. ఒళ్ళు మండిపోయింది నాకు. నా ఇంటిని నా చేత్తోనే తగలబెట్టించి, బూడిద కూడా ఊడ్చేసి, ఇక్కడ ఇల్లు ఎప్పుడుంది అని అడుగుతున్నట్టు అనిపించింది.

ఎనిమిదింటికి అన్నయ్య బయటికొచ్చాడు.

“అన్నయ్యా, రీస్ నిన్న చెప్పింది ట్రెంట్ అక్టోబర్లో చెప్పిందే కదా?” అన్నాను.

“అప్పుడు ఎన్నికలు కదే.”

“మరి వాడు?”

“వాడు సైనికుడు, రీస్ నాయకుడు. ఇద్దరి పనీ ఒకటెలా అవుతుంది?” చొక్కా గుండీ సర్దుకుంటూ అన్నాడు.

“ఎన్నికలవనీ, కూర్చోబెట్టుకుని వింటానన్నావు. విన్నావా?”

ఆయనకి ఆ మాట నిజంగా గుర్తులేదు. నుదురు ముడిచి వెతుక్కున్నాడు. “వాడు తిరిగి రానీ, చూద్దాం,” అన్నాడు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. స్టేషను తాళం చెవి వాటి పక్కన పెట్టాను. అన్నయ్య మధ్యాహ్నందాకా అలిగాననే అనుకున్నాడట. తర్వాత వదినని పంపాడు. నేను తలుపు తియ్యలేదు.

ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. టెక్సస్ నుంచి ట్రెంట్. వారానికోసారి రెండు నిమిషాలు చేసేవాడు. నేను ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. వాడికి ఇవ్వడానికి నా దగ్గర ఒకటుంది అనుకున్నాను. రీస్ మాట చెప్పాను, మామయ్య మాట చెప్పాను, గ్లెన్నా మాట చెప్పాను. స్టేషను మానేశానని చెప్పాను.

“నువ్వన్నదే నిజమని ఇప్పుడు అందరూ అంటున్నార్రా,” అన్నాను.

“నువ్వేమంటావు?” అన్నాడు.

“నాకు ఆ రోజే తెలుసు. చేలో నువ్వు చెప్పినప్పుడే, నువ్వు చెప్పింది నిజమని నమ్మాను. ఒక్క ముక్క కూడా అనుమానించలేదు.” మూడు నెలలుగా గొంతులో ఉన్నది బయటపడ్డందుకు నాకు ఏడుపొచ్చింది. ఇది వింటే వాడు మెత్తబడతాడనుకున్నాను.

“ఆ రోజే నమ్మావా?” అన్నాడు.

“దేవుడి సాక్షిగా.”

“మామయ్య నమ్మి అన్నాడమ్మా ఆ మాటలు. నేను పిరికివాణ్ణని నిజంగా నమ్మాడు. నువ్వు కాదని నమ్మి కూడా లైను కలపలేదు,” అన్నాడు మెల్లగా. గొంతులో కోపం లేదు. ఫోను కోసం వెనక ఇంకొకతను నిలబడి ఉన్నాడని చెప్పి పెట్టేశాడు.